కర్కట ఖండికకు టీకా

మాణిక్యాంబ టీచరుగారికి అచ్చుతప్పు కంటబడిందంటే ఇక ఆ పూట అన్నం సహించదు. బాలికల హైస్కూల్లో తెలుగు పండితురాలిగా చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఆవిణ్ణి ఎర్రసిరా పెన్ను లేకుండా చూసినవాళ్లు లేరు. రిటైరయ్యాకయినా మానిందా అంటే, ఇంకా ముదిరింది. పెళ్లిపిలుపుకొచ్చినవాళ్లు బొట్టు పెట్టి, శుభలేఖ చేతికిచ్చి, కుర్చీలో సర్దుకునేలోగా అందులో 'సకుటుంబ సపరిహారంగా విచ్చేసి' అని ఉన్నచోట ఎర్రగా సున్నా చుట్టేసి, పరివారమమ్మా, పరిహారం సంగతి పెళ్లయ్యాక చూసుకోవచ్చు అని తిరిగి వాళ్ల చేతిలోనే పెట్టేది. ఆవిడ భర్త వీరభద్రంగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగినాయన. ఆ వచ్చినవాళ్లని బుజ్జగించి, కాఫీ ఇచ్చి సాగనంపడంలో ఆరితేరిపోయారు.

అలాంటి మనిషికి ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు, జుట్టంతా ఊడింది. జుట్టు ఊడింది గానీ బుద్ధి ఊడలేదు. సెలైన్ స్టాండు దొర్లించుకుంటూ వరండాలోకి వెళ్లి, గోడమీద 'నిశ్శబ్ధము పాటించండి' అన్న బోర్డులో ధ కింద అక్కర్లేని ఒత్తును కొట్టేసి వచ్చింది. ఇదేం పనని నర్సు కేకలేస్తే, నిశ్శబ్దానికి ఒత్తుండదమ్మా, నువ్వూ అంత ఒత్తి మాట్లాడకు అంది.

కీమో అయిపోయాక డాక్టర్ ఫర్జానా భార్యాభర్తలిద్దర్నీ పిలిపించింది. ఆ అమ్మాయి ఒకప్పుడు టీచరుగారి దగ్గర తొమ్మిదో తరగతి చదువుకున్న పిల్లే. ఇప్పటికీ ఆవిడ గదిలోకి వస్తే కుర్చీలోంచి లేచి నిలబడుతుంది. కొత్తగా ఒక టీకా మీద పరిశోధన జరుగుతోందనీ, మళ్లీ గడ్డ రాకుండా ఆపగలదేమో చూస్తున్నారనీ, టీచరుగారికి అది సరిపోతుందనీ చెప్పింది. క్యాన్సర్ కణం బయటినుంచి వచ్చిన శత్రువు కాదట. మన కణమే. ఒంటి రాతలో ఎక్కడో ఒక అక్షరం తప్పు పడి అలా తయారవుతుంది. కాపలా కాసే కణాలు దాన్ని చూస్తాయి, మనవాడేలే అనుకుని వదిలేస్తాయి.

"స్టాఫ్ పాసు చూపించి ఎక్కేస్తున్నాడన్నమాట," అన్నారు వీరభద్రంగారు.

"అచ్చుతప్పన్నమాట," అంది మాణిక్యాంబ, కళ్లు మెరుస్తుంటే.

ఆ తప్పు పడ్డ చోటుని పోలిన తొమ్మిదక్షరాల ముక్క ఒకటి తయారుచేస్తారు. దాన్ని పెప్టైడ్ అంటారు. అదే టీకాగా వేస్తే, ఇదుగో ఇలాంటిది కనిపిస్తే వదలొద్దని కాపలా కణాలకి నేర్పినట్టవుతుంది. తయారుగా ఉన్న మందుల్ని ఎక్కించడం పిల్లలకి స్లిప్పులందించడం లాంటిది, ఇది పాఠం చెప్పి వాళ్లచేతే పరీక్ష రాయించడం, అందుకే దీన్ని ఆక్టివ్ ఇమ్యునోథెరపీ అంటారు టీచర్ అని ఫర్జానా చెప్పేసరికి, స్లిప్పుల పేరెత్తితేనే మండిపడే మాణిక్యాంబకి ఆ టీకామీద గురి కుదిరిపోయింది.

"పనిచేస్తుందంటావా?"

"మీకు అబద్ధం చెప్పను టీచర్. కొందరిలో మంచి ఫలితం కనిపించింది, కొందరిలో లేదు. తేల్చుకోవడానికే ఈ పరిశోధన. నాలుగు డోసులు. మొదటిది ఉగాదిలోపు పడాలి. దాటితే మీ పేరు తీసేస్తారు."

ఉగాదికి బోలెడు వ్యవధి ఉంది. టీకా రాజధానిలో శీతల గిడ్డంగికి వచ్చి కూర్చుంది. కావలసిందల్లా ప్రభుత్వం మంజూరు చేయడమే. అయితే సరిగ్గా అప్పుడే ఒక కొత్త నిబంధన వచ్చింది. దరఖాస్తుల్లో ఒక్క ఆంగ్లపదం కనిపించినా వెనక్కి తిప్పికొట్టాలని. ఆ నిబంధన పేపర్లో చదివిన రోజు మాణిక్యాంబ ఇంట్లో పాయసం చేసిన మాట నిజం. ఫర్జానా దరఖాస్తు రాసి తెచ్చి చూపిస్తే, ఆవిడ ఎర్రపెన్ను తీసింది. క్యాన్సరు కర్కటమైంది. ఆక్టివ్ అన్నది సక్రియ అయింది. పెప్టైడ్ అంటే ముక్కేగా, ఖండిక అంటే సరిపోతుంది అంది. చివర్లో 'రోగికి వేయుటకై' అని ఉంటే, టీకా అన్నాక వేయక తినిపిస్తారా, పునరుక్తి దోషం అని ఆ రెండు మాటలూ కొట్టేసింది. వాక్యం ఇలా తేలింది: 'సక్రియ రోగనిరోధార్థము కర్కట ఖండికా టీకాను మంజూరు చేయగోరుచున్నాము.' ఆవిడ దాన్ని రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయింది.

సచివాలయంలో ఆ వాక్యం చదివిన అధికారి కూడా తెలుగు బాగా వచ్చినవాడే, అదే కొంప ముంచింది. కర్కటమనే పేరుతో ఎవరో కవి ఒక ఖండిక రాశాడు, దానికి టీకా, అంటే ప్రతిపదార్థ తాత్పర్యాలు కావాలంటున్నారు అని ఆయనకు అర్థమైంది. ఫైలు కావ్య టీకా తాత్పర్య పరిరక్షణ సంస్థకు పంపించాడు.

ఆ సంస్థ ఎక్కడుందో ఊళ్లో ఆటోవాళ్లకి కూడా తెలీదు. ఏళ్ల తరబడి అక్కడికి ఒక్క ఫైలు వచ్చిన పాపాన పోలేదు. సంస్థ సంచాలకులు శ్రీమాన్ పరాంకుశంగారు ఆ ఫైలును రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నారట. మర్నాడే ఆసుపత్రికి ఉత్తరం బయల్దేరింది. 'మూలము లేక టీకా అసంభవము. సదరు ఖండిక యొక్క మూలము ఎచ్చట లభించినది? ఏ దశకు చెందినది? ప్రస్తుతము ఎవరి అధీనమున నున్నది? తక్షణమే తెలుపవలెను.'

గడ్డ మొదట పుట్టిన చోటు అడుగుతున్నారు కాబోలనుకుని ఫర్జానా ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబు రాసింది. మూలం ఎడమ రొమ్ము. దశ రెండు. మూలాన్ని కిందటి శ్రావణంలో కోసి తీసేశాం.

పరాంకుశంగారికి గుండె ఆగినంత పనైంది. శృంగార కావ్యమని నిర్ధారణ అయిపోయింది గానీ, మూలప్రతిని కోసి పారేయడమేమిటి? 'ప్రాచీన గ్రంథములను ఛేదించుట శిక్షార్హము. ఛేదించిన వారి పేర్లు, హోదాలు పంపవలెను' అని ఇంకో ఉత్తరం వచ్చింది. సర్జన్ గారు సెలవు పెట్టి ఊరెళ్లిపోయారు.

సంక్రాంతి దాటింది. టీకా గిడ్డంగిలోనే ఉంది. మాణిక్యాంబ రోజూ ఆసుపత్రికి ఫోన్ చేసేది. ఒకరోజు వీరభద్రంగారు పోస్టు పట్టుకొచ్చారు. సంస్థవారి దగ్గర నుంచి. కర్కట ఖండికకు టీకా రచించుటకు జిల్లా అంతా గాలించి అర్హులైనవారిని ఎంపిక చేశామనీ, ఆ వ్యాఖ్యాత మీరేననీ, సన్మానానికి విచ్చేయవలసిందనీ అందులో ఉంది.

అప్పుడు తెలిసిందావిడకి, తన వాక్యం ఎక్కడికెళ్లి కూర్చుందో. వెంటనే చీర మార్చుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, తప్పు తప్పని చెప్పి రావడానికి బయల్దేరింది.

చెప్పనిస్తేగా! వెళ్లగానే వేదికెక్కించారు, శాలువా కప్పారు. ముఖ్య అతిథిగా వచ్చిన అమాత్యులవారు సన్మానపత్రం అందుకుని గంభీరంగా, 'తెలుగు తల్లి కంఠహారమైన విదూషకమణి శ్రీమతి మాణిక్యాంబగారు' అని చదివేశారు. విదుషీమణి అని ఉండాలి. సభలో నవ్వులు. మాణిక్యాంబ వేదికమీదే పెన్ను తీసి పత్రం మొత్తం దిద్దింది. పందొమ్మిది తప్పులు తేలాయి. పరాంకుశంగారు సిగ్గుతో చితికిపోయి, ఇకమీదట ఈ సంస్థ నుంచి వెలువడే ఏ కాగితమైనా మాణిక్యాంబగారి కన్ను పడనిదే గడప దాటరాదని అక్కడికక్కడే ఆజ్ఞ జారీ చేశారు.

సభ అయ్యాక ఆవిడ ఆయన గదికి వెళ్లింది.

"సంచాలకులవారూ, మేమడిగింది వేసుకునే టీకా. రాసుకునేది కాదు. నాకు జబ్బు చేసింది."

"అమ్మా, వేయుట అని ఎక్కడున్నది?" ఆయన ఫైలు తెరిచి ముందుకు తోశారు. "మంజూరు చేయుట మా క్రియ. తమ క్రియ ఏది? సక్రియ అని మాత్రము సెలవిచ్చినారు. క్రియతో కూడినదని తెలిసినది. ఏ క్రియయో తెలియలేదు."

ఆవిడ ఆ వాక్యాన్ని చూసింది. తను కొట్టేసిన రెండు మాటల చోటు ఖాళీగా కూడా లేదు, అంత శుభ్రంగా కలిసిపోయింది. జీవితంలో మొదటిసారి అనవసరంగా దిద్దానని ఒప్పుకోవలసి వచ్చింది, అదీ తనలో తనే.

సవరించుకోవచ్చా అని అడిగితే, నిరభ్యంతరముగా అన్నారు పరాంకుశంగారు. సవరణ ఆసుపత్రి నుంచి బయల్దేరి, వచ్చిన దారినే మళ్లీ రావాలి. వచ్చే దీపావళికల్లా తప్పక అందుతుందని అభయమిచ్చారు. రోగి బాధ మాకు తెలియును గానీ నిఘంటువులో రెండు టీకాలూ ఒకే పదము కింద నున్నవి, వాటిని విడదీయు అధికారము సంస్థకు లేదు అని చేతులెత్తేశారు.

ఈలోగా సంస్థ ఊరుకోలేదు. కోసిపారేసిన మూలానికి నకళ్లు ఇంకెక్కడైనా ఉండవచ్చునని మూలప్రతుల అన్వేషణ బృందం ఆసుపత్రి వార్డులోకి దిగింది. ఉత్తరీయాలు వేసుకున్న ముగ్గురు పెద్దమనుషులు మంచం మంచానికీ వెళ్లి, "తమ వద్ద కర్కట ఖండిక యున్నదా? వంశపారంపర్యమా, స్వార్జితమా?" అని అడగడం మొదలెట్టారు. పెద్ద డాక్టర్లనుకుని జనం రిపోర్టులన్నీ తీసి చూపించారు. ఒక ముసలమ్మ, మా అమ్మకీ ఉండేది బాబూ, మా పెద్దక్కకీ ఉంది అని చెప్పింది. వాళ్లు పరమానందంతో 'మౌఖిక సంప్రదాయము' అని రాసుకుని, ఆవిడకి కండువా కప్పి వెళ్లారు.

వీరభద్రంగారు ఇదంతా చూసి వచ్చి నవ్వుతూ చెబుతుంటే, మాణిక్యాంబ నవ్వలేదు. కొత్తగా మొలుస్తున్న జుట్టు చేత్తో నిమురుకుంటూ కూర్చుంది.

"నాకు భయంగా ఉందండీ," అంది. "అది మళ్లీ వస్తుందేమోనని. ఇన్నాళ్లూ తప్పు ఎక్కడున్నా పట్టేదాన్ని. నా ఒంట్లోదాన్ని పట్టలేకపోయాను."

ఆయన పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. నీ చేతిలో ఇంకా పెన్నుందిగా మాణిక్యం, వాళ్లు రాయమంటున్నారుగా, రాసి పారెయ్, ఏదో ఒక దారి దొరుకుతుంది అన్నారు.

మర్నాడు ఫర్జానా చేత ఆ తొమ్మిదక్షరాలూ రాయించి తెచ్చుకుంది మాణిక్యాంబ. ఏ అక్షరం దేనికి గుర్తో, ఎక్కడ తప్పు పడిందో అడిగి తెలుసుకుంది. మొదట కోపంగా మొదలెట్టింది గానీ, రాసేకొద్దీ చెయ్యి ఊరుకోలేదు. ప్రతిపదార్థం రాసి, చివర తాత్పర్యం ఇలా రాసింది: 'ఓ కాపలాదారులారా, ఈ తొమ్మిదక్షరములను శ్రద్ధగా చూడుడు. చూడగా మనవే యని తోచును. కావు. ఐదవ అక్షరమున దోషము గలదు. ఇట్టిది కంటబడినచో బంధువని గౌరవింపక, దోషమని యెరిగి తొలగింపుడు.' ఫర్జానా చదివి చాలాసేపు కాగితం దించలేదు. వైద్యకళాశాలలో నాకు ఎవరూ ఇంత తేటగా చెప్పలేదు టీచర్ అంది.

సంస్థలో నిపుణుల సంఘం కూర్చుంది, వ్యాఖ్యాతగా మాణిక్యాంబనీ పిలిచారు. టీకా అద్భుతమని అందరూ తలలూపారు. కానీ ఛందస్సు చూసే పండితుడు వేళ్లమీద లెక్కపెట్టి పెదవి విరిచాడు. తొమ్మిదక్షరాలంటే బృహతీ ఛందస్సు. పద్యానికి నాలుగు పాదాలుండాలి. ఒక్క పాదమే దొరికింది. మిగతా మూడూ దొరికేదాకా మంజూరు చేయడానికి వీల్లేదు. ఆ మూడు పాదాల కోసం ఆసుపత్రిలో ఇంకెవరినైనా కోయించవచ్చునేమో కనుక్కుందామని ఒకాయన సూచించాడు.

ఉగాది ఇక పది పన్నెండు రోజుల్లో పడింది. మాణిక్యాంబ కూడా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నాలుగు పాదాలు. ఫర్జానా చెప్పిన మాట చటుక్కున గుర్తొచ్చింది. నాలుగు డోసులు.

ఆవిడ మెల్లగా లేచి, పెద్దలు అనుమతిస్తే ఒక మనవి, పాదాలు దొరికే కొద్దీ నాలుగు విడతలుగా కానిద్దాం, మొదటి విడతకి మాత్రం ఉగాది దాటకుండా మంజూరు ఇప్పించండి అంది. పండుగ సందర్భంగా ఏదో ఒకటి మంజూరు చేసి పేపర్లో వేయించుకోవాలని పరాంకుశంగారికీ ఉంది. తీర్మానం అయిపోయింది. చిత్తుప్రతి టైపు కొట్టి, ఆజ్ఞ ప్రకారం తప్పులు దిద్దడానికి ఆవిడ ముందే పెట్టారు.

'కర్కట ఖండికా టీకాను నాలుగు విడతలుగా, మొదటి విడత ఉగాదిలోపు, శ్రీమతి మాణిక్యాంబగారిచే వ్రాయించవలెను. సంబంధిత అధికారులందరును సహకరింపవలెను.'

ఒక్క తప్పు లేదు. సంస్థ పుట్టాక ఇంత శుభ్రమైన కాగితం ఇదే మొదలేమో. మాణిక్యాంబ ఎర్రపెన్ను మూత తీసింది. ఈ చేత్తో వేల నోటుపుస్తకాలు దిద్దింది. తప్పు ఒప్పు చేసింది గానీ, ఒప్పును తప్పు చేసిన పాపం ఎరగదు. దేవుణ్ణి తలుచుకుంది, తనకి వ్యాకరణం చెప్పిన గురువుగారిని తలుచుకుని మనసులో క్షమాపణ అడిగింది. 'చే' కొట్టేసి 'కి' పెట్టింది. 'వ్రా' కొట్టేసి 'వే' పెట్టింది. కాగితం తిరిగి ఇచ్చేసింది.

దాన్ని మళ్లీ టైపు కొట్టారు. మాణిక్యాంబగారు దిద్దినదాన్ని ఇంకొకరు చదవడం ఆవిణ్ణి అవమానించడమవుతుందని పరాంకుశంగారు చదవకుండానే సంతకం పెట్టారు. ముద్ర పడింది. మాణిక్యాంబగారికి టీకా వేయించవలెనని, నాలుగు విడతలుగా, ఉగాదిలోపు ఆరంభించి, అధికారులందరూ సహకరించి మరీ వేయించవలెనని ప్రభుత్వ ఉత్తర్వు గిడ్డంగికి చేరింది. మూడో రోజుకి మందు ఐసుపెట్టెలో ఊళ్లోకొచ్చింది.

సూది వేస్తూ ఫర్జానా, ఎలా సాధించారు టీచర్ అని అడిగింది.

"నువ్వే చెప్పావుగా. తప్పు మనవాడిలా వేషం వేసుకుని వస్తే కాపలావాడు చూసి కూడా వదిలేస్తాడని."

ఉగాది వెళ్లిన వారానికి సంస్థ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఉత్తర్వులో రెండు ఘోరమైన ముద్రణ దోషాలు దొర్లినట్టు ఆలస్యంగా గ్రహించామనీ, అవి ఎలా చొరబడ్డాయో నిగ్గు తేల్చడానికి ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించామనీ, విచారణ ముగిసేదాకా ఉత్తర్వు యథాతథంగా అమల్లో ఉంటుందనీ రాశారు. సదరు ఏకసభ్యురాలు, అచ్చుతప్పుల విషయంలో రాష్ట్రంలోనే అగ్రగణ్యులైన విదుషీమణి మాణిక్యాంబగారు.

"ఈసారి విదుషీమణి సరిగ్గా కొట్టారండోయ్," అంది ఆవిడ సంబరంగా.

జవాబు అప్పుడే రాసింది. దోషం చాలా లోతైనదనీ, మూలాల్లోకి వెళ్లి పరిశీలించాలనీ, నాలుగో విడత పూర్తయ్యేదాకా గడువు కావాలనీ. రాస్తూ రాస్తూ ఎడంచేత్తో కుడి జబ్బ గోక్కుంది. వీరభద్రంగారు చూసి, రవిక చెయ్యి పైకి జరపమన్నారు. సూది పడ్డచోట చుట్టూ గుండ్రంగా, ఎర్రగా కందింది.

ఆయన కంగారుపడి ఫర్జానాకి ఫోన్ చేశారు. భయం లేదంది ఆ పిల్ల. ఒళ్లు ఆ ముక్కని గమనించిందని దానర్థం, గడ్డని ఆపుతుందా లేదా అన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేనంది.

మాణిక్యాంబ ఆ ఎర్రటి సున్నాని అద్దంలో చూసుకుంది. ఇన్నేళ్లలో అలాంటి సున్నాలు ఎన్ని చుట్టిందో ఆవిడకే లెక్క తెలీదు. తన ఒంటిమీద ఇంకెవరో చుట్టడం ఇదే మొదలు.

"చదువుతున్నారండీ లోపల," అంది, కళ్లు తుడుచుకుంటూ. "మార్కుల సంగతి తర్వాత. ముందు చదవనివ్వండి."

ఆయన పోయి ఇద్దరికీ కాఫీ కలుపుకొచ్చారు.